పీణ్యలో స్టీలు గోళీలు

బెంగళూరులో లాల్‌బాగ్ చూశాను, పేరున్న హోటల్లో రవ్వ ఇడ్లీ తిన్నాను. వరుసలో నిలబడి కాళ్లు పీకడం తప్ప వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. హైదరాబాద్ మెట్రోను తిట్టుకునే నేను ఇక నోరు మూసుకోవాలి. విసుక్కుంటూనే మా మేనల్లుడి వెంట ఊళ్లోని పారిశ్రామిక వాడ పీణ్యలో దిగాను. వాడి పని అయాన్ల (విద్యుదావేశమున్న పరమాణువుల) కిరణాలకు వేగం పెంచే క్యావిటీలు, అంటే లోపల విద్యుత్ క్షేత్రం ఊగే డొల్ల లోహపు పాత్రలు, డిజైన్ చేయడం. ఆ రోజు అక్కడి షెడ్డులో చేయిస్తున్న నమూనా ఎంతవరకు వచ్చిందో చూడాలట.

షెడ్డు యజమానిది హిందూపురం. లేత్ పక్కన బల్ల మీద రాగితో చేసిన డొల్ల స్తంభం నిలబెట్టి ఉంది. ఎత్తు దాదాపు నా నడుము దాకా. లోపల పైకప్పు నుంచి ఒక లావు గొట్టం వేలాడుతోంది. దాని అడుగున కిరణం దూరడానికి రంధ్రం, దానికి అటూ ఇటూ రెండు ఖాళీలు.

"మొదటి ఖాళీలో అయాన్‌కి ఒక తోపు అందుతుంది మామయ్యా. అది గొట్టం చాటున పోతుండగానే క్షేత్రం దిశ తిరిగిపోతుంది. అందుకే రెండో ఖాళీలోనూ తోపు ముందుకే" అన్నాడు మావాడు. ఢిల్లీలోని ఐయూఏసీ అనే యాక్సిలరేటర్ పరిశోధన కేంద్రంలో ఈ జాతి క్యావిటీలు 97 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అంటే క్షేత్రం తిరగడానికి 5 నానోసెకన్ల పైచిలుకు పడుతుంది. కాంతి వేగంలో 8 శాతంతో వచ్చే అయాన్ ఆలోపు నడిచేది సుమారు 12 సెంటీమీటర్లు. ఖాళీల మధ్య దూరం ఆ లెక్కతోనే తేలుతుంది.

అసలు క్యావిటీ నయోబియం అనే లోహంతో చేస్తారు. అది 9.2 కెల్విన్ కింద అతివాహకం (కరెంటుకు నిరోధం లేనిది) అవుతుంది కాబట్టి 4.2 కెల్విన్ ద్రవ హీలియంలో చల్లబరుస్తారు. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వారు రాగి మీద సీసం పూత వేసి పని కానిచ్చారు. మరి ఈ రాగి బొమ్మ ఎందుకని అడిగాను. నయోబియం ఖరీదు చూస్తే ముందు రాగి మీద చేయి తిరగడమే మేలని యజమాని నవ్వాడు. పైగా ఆ లోహం కోసేటప్పుడు టూల్‌కి బంకలా అంటుకుంటుందట. వేడెక్కితే గాలిని పీల్చుకుంటుంది కాబట్టి శూన్యంలో ఎలక్ట్రాన్ కిరణంతో అతకాలి.

మావాడు చేపల గాలం దారానికి చిన్న పూసను కట్టి కిరణం పోయే దారిలోని రంధ్రాల గుండా మెల్లగా లాగాడు. పూస కదిలే కొద్దీ తెర మీద పౌనఃపున్యం రవ్వంత జారుతోంది. ఆ జారుడును బట్టి ఎక్కడ క్షేత్రం ఎంత ఉందో గీస్తారు. ఇంత పెద్ద శాస్త్రానికి గాలం దారమా అని నేను నోరు తెరిచాను.

అసలు వింత తర్వాత చెప్పాడు. అతివాహక క్యావిటీ దానంతట అది ఒక హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్య వెడల్పులోనే పలుకుతుంది. వేలాడే గొట్టం కాస్త వణికినా శ్రుతి తప్పుతుంది. పంపు అదిరినా, హీలియం ఒత్తిడి మారినా తంటాయే. దాన్ని పట్టి ఉంచడానికి యాంప్లిఫయర్ నుంచి అదనపు శక్తి పోయాలి. ఐయూఏసీ వారు దీనికి కనిపెట్టిన మందు, ఆ డొల్ల గొట్టంలోకి స్టీలు గోళీలు వదలడం! గొట్టం ఊగితే అవి అడుగున ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును మింగేస్తాయి. కావలసిన శక్తి బాగా తగ్గిందట. ఎలక్ట్రానిక్స్‌కి కోట్లు పోసే చోట ఇలాంటి ఉపాయం తట్టినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

యజమాని చెవులు మాత్రం ఆ గోళీల దగ్గరే ఆగాయి. "ఏ సైజు సార్? బేరింగు గోళీలే కదా, నేనే తెప్పిస్తాను." ఆ వెంటనే రాగి ధర పెరిగింది, కొటేషన్ మార్చాలన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. భౌతికశాస్త్రం అరగంటలో అయిపోయింది కానీ ఈ బేరం భోజనం వేళ దాటినా తెమల్లేదు. చివరికి రవాణా ఖర్చు మావాడి నెత్తిన పడింది.