పక్కవాడి ఓఎస్‌ని తిట్టే ప్రకటనలో ముందు ఏం చూడాలి

2004లో మైక్రోసాఫ్ట్ "గెట్ ది ఫ్యాక్ట్స్" పేరుతో, విండోస్‌కి పోటీగా ఉన్న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మీదికి ఒక ప్రచారం మొదలుపెట్టింది. అందులో బ్రిటన్‌లో అచ్చయిన ఒక ప్రకటన, విండోస్ సర్వర్ 2003 కంటే లైనక్స్‌కి పది రెట్లకు పైగా ఖర్చవుతుందని తేల్చేసింది. సెకనుకు ఒక మెగాబిట్ డేటా పంపడానికి ఎన్ని డాలర్లు పడుతుందన్నది లెక్క. లైనక్స్ ఉచితంగానే దొరుకుతుంది కదా, మరి పది రెట్లు ఎక్కణ్ణుంచి వచ్చింది?

కింద ఉన్న యంత్రం నుంచి వచ్చింది. విండోస్‌ని 900 మెగాహెర్ట్జ్ ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లు రెండున్న మామూలు సర్వర్ మీద నడిపారు. లైనక్స్‌ని మాత్రం ఐబీఎం జెడ్900 మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ ఖరీదైన యంత్రం మీద, దాని రెండు ప్రాసెసర్లతో నడిపారు. ఒక డ్రైవర్‌ని స్కూటర్ మీద, ఇంకో డ్రైవర్‌ని లారీ మీద ఎక్కించి, పెట్రోల్ ఖర్చు చూసి ఎవడు మంచి డ్రైవరో చెప్పినట్టుంది. విండోస్ నడిచిన ఆ జియాన్ మీద లైనక్స్ కూడా శుభ్రంగా నడుస్తుంది. ఫిర్యాదులు వెళ్తే బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్ఏ అదే ఏడాది ఆగస్టులో ఆ పోలిక తప్పుదారి పట్టిస్తోందని తీర్పిచ్చింది. ప్రకటనలో అంకెల అబద్ధం లేదు. కొలిచింది ఓఎస్‌ని కాదు, అంతే.

ఈ పని ఒక్క మైక్రోసాఫ్టే చేసిందనుకుంటే పొరపాటు. 2003లో ఆపిల్ పవర్ మ్యాక్ జీ5ని ప్రపంచంలోకెల్లా వేగవంతమైన పర్సనల్ కంప్యూటర్ అని ప్రకటించుకుంది. దానికి ఆధారంగా చూపిన పరీక్షలో జీ5కీ, ఇంటెల్ పీసీకీ రెండు వైపులా జీసీసీ కంపైలరే (కోడ్‌ని చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రామ్) వాడారు. చూడటానికి సమానమే. కానీ ఇంటెల్ చిప్‌కి ఇంటెల్ సొంత కంపైలర్ వాడితే స్కోరు పెరుగుతుంది, అది పక్కన పెట్టేశారు. అప్పటి బ్రిటన్ టీవీ నియంత్రణ సంస్థ ఐటీసీ ఆ ప్రకటనని నవంబరులో ఆపించింది.

అన్నిటికంటే పేరు మోసింది ఆపిల్ "గెట్ ఎ మ్యాక్" వరుస. 2006 నుంచి 2009 దాకా అమెరికాలో 66 ప్రకటనలు వచ్చాయి. నటుడు జస్టిన్ లాంగ్ మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) వేషం, జాన్ హాడ్జ్‌మన్ పీసీ (విండోస్ కంప్యూటర్) వేషం. (నిజానికి నవ్వులన్నీ హాడ్జ్‌మన్‌వే, లాంగ్ పక్కన నిలబడతాడంతే.) వీటిలో కొన్నిచోట్ల దెబ్బ సరిగ్గానే తగిలింది. విండోస్ విస్టాలో ప్రతిదానికీ "అనుమతించాలా, వద్దా" అని అడిగే యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్)ని వెక్కిరించిన ప్రకటన గుర్తుండే ఉంటుంది. చిరాకు నిజమే, కారణం మాత్రం ప్రకటన చెప్పలేదు. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీ కాలంలో దాదాపు అందరూ అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంటుతోనే పనిచేసేవారు. ప్రోగ్రాములు రాసేవాళ్లూ అదే నమ్ముకుని సెట్టింగులని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోకి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టా) మెషీన్ మొత్తానికి చెందిన భాగంలోకి రాసేవారు. విస్టా అడ్మిన్‌కి కూడా మామూలు హక్కులే ఇచ్చి, ఎక్కువ హక్కు కావాల్సి వచ్చినప్పుడల్లా స్క్రీన్ మసకబార్చి అడిగింది. పాత ప్రోగ్రాములు అడుగడుగునా తట్టుకున్నాయి. మ్యాక్ కూడా సిస్టమ్‌లో ఏదైనా మార్చాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. తక్కువసార్లు అడగడానికి కారణం, మ్యాక్ ఓఎస్ అయిన ఓఎస్ ఎక్స్ ప్రోగ్రాములు మొదటినుంచీ తక్కువ హక్కులకి అలవాటుపడటం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కోడ్ సరిచేసుకున్నాక, 2009లో విండోస్ 7 ఎంత తరచుగా అడగాలో ఎంచుకునే నాలుగు మెట్ల స్లైడర్ ఇచ్చాక ఆ వెక్కిరింతకి పదును పోయింది.

అదే వరుసలో వచ్చిన వైరస్ ప్రకటన కథ వేరు. పీసీ వైరస్‌లు మ్యాక్‌కి పట్టవన్నది అక్షరాలా నిజం, విండోస్ కోసం రాసిన ఫైలు మ్యాక్‌లో నడవదు కదా. కానీ విన్నవాళ్లు మ్యాక్‌కి అసలు ఏదీ పట్టదని అర్థం చేసుకున్నారు. 2012 ఏప్రిల్‌లో ఫ్లాష్‌బ్యాక్ అనే హానికర ప్రోగ్రామ్ దాదాపు 6 లక్షల మ్యాక్‌లలో దూరింది. దారి జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం. దానికి జావా యజమాని ఒరాకిల్ ఫిబ్రవరిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. కానీ మ్యాక్‌లకి జావాని ఆపిలే సొంతంగా తయారుచేసి ఇచ్చేది. ఆ ప్యాచ్ మ్యాక్‌కి చేరేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ జూన్‌లో ఆపిల్ తన సైట్‌లో పీసీ వైరస్‌లు పట్టవన్న వాక్యం తీసేసింది.

2009 "ల్యాప్‌టాప్ హంటర్స్"లో మైక్రోసాఫ్ట్ తిరిగి కొట్టింది ధరతో. వెయ్యి డాలర్లలోపు 17 అంగుళాల ల్యాప్‌టాప్ కావాలన్న అమ్మాయి 699 డాలర్లకి హెచ్‌పీ కొనుక్కుని వెళ్తుంది. అప్పుడు మ్యాక్‌లో 17 అంగుళాలంటే 2,799 డాలర్లు. బరువు, బ్యాటరీ, స్క్రీన్ రిజల్యూషన్ ఊసే ఉండదు. అయినా ఆపిల్‌కి తగిలింది. ధరలు తగ్గించాం, ఇక ఆపండని ఆపిల్ లాయర్లు ఫోన్ చేశారని మైక్రోసాఫ్ట్ సీఓఓ కెవిన్ టర్నర్ ఆ జూలైలో సభలోనే చెప్పుకున్నాడు.

మన దగ్గర ఇలాంటివి పేరు పెట్టి ఎందుకు తక్కువంటే, మన కోర్టుల గీత వేరు. 1999లో కలకత్తా హైకోర్టు చెప్పిన ప్రకారం నా సరుకు అందరికంటే గొప్పదని గొప్పలు పోవచ్చు, పోల్చనూ వచ్చు. ఎదుటివాడి సరుకు చెడ్డదని మాత్రం అనకూడదు.

ఇక ఈ ప్రకటనలు చూసి వాదనకి దిగేవాళ్లు పదే పదే తెచ్చే మూడు అంకెలున్నాయి, మూడూ చెల్లవు. 500 జీబీ డిస్క్‌లో విండోస్ 35 జీబీ మింగేసిందంటారు. విండోస్ ఒక జీబీని 2 ఘాతం 30 బైట్లుగా లెక్కేస్తుంది కాబట్టి అది 465గా కనిపిస్తుంది. మ్యాక్, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వంద కోట్ల బైట్ల లెక్క కాబట్టి అదే డిస్క్ 500. మాయమైంది ఏమీ లేదు. విండోస్ త్వరగా ఆన్ అవుతుందంటారు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ తన కెర్నల్‌ని (ఓఎస్ గుండెకాయ) ఉన్నదున్నట్టు డిస్క్‌లో దాచుకుంటుంది, మళ్లీ ఆన్ చేస్తే అక్కణ్ణుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేసి టైమ్ చూడండి, అప్పుడే అసలు బూట్. లైనక్స్ ర్యామ్ అంతా తినేస్తుందంటారు. ర్యామ్ వాడకం పోల్చాలంటే లైనక్స్‌లో ఫ్రీ కమాండ్ ఇచ్చే "అవైలబుల్" గడి చూడాలి, "ఫ్రీ" గడి కాదు. క్యాష్ (ఫైళ్లని త్వరగా అందించడానికి దాచుకునే చోటు) కింద పోయిన ర్యామ్ అవసరమైతే వెనక్కి వస్తుంది.

లైనక్స్ మీ కంప్యూటర్‌కి సరిపోతుందో లేదో నిజంగా తేల్చుకోవాలంటే 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఉబుంటు ఐఎస్ఓ ఫైలు దింపి, అది చెడిపోకుండా వచ్చిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసి, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దాన్నుంచే కంప్యూటర్ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. బయాస్‌లో (కంప్యూటర్ లేచేటప్పటి సెట్టింగులు) సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేకపోతే విండోస్ తిరిగి లేచేటప్పుడు అదే అడిగి అక్కడే ఆగిపోతుంది. ఇలా ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో నడిపేటప్పుడు వేగం చూడకండి, అది పెన్‌డ్రైవ్ వేగం. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, ప్రింటర్, మూత మూసి తెరిస్తే నిద్రలోంచి లేస్తుందా లేదా, ఇవి చూడండి. డీటీపీ షాపు వాళ్లకి ఇదంతా అక్కర్లేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు కొట్టేచోట విండోస్ ఉండి తీరాలి, పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఆ ఫాంట్లలోనే ఉన్నాయి.