డుడుమలో నీళ్లేవి?

ఎండాకాలంలో ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని డుడుమ జలపాతం చూడబోయినవాళ్లందరిదీ ఒకటే గోల: "ఇంత దూరం తీసుకొచ్చి బండరాయి చూపించారు" అని. ఈసారి జలపాతం దగ్గరి ఊరు ఒనకడిల్లికి వెళ్లే జీపులో నా పక్కన కూర్చున్న కుర్రాళ్లదీ అదే పాట. పాపం, జలపాతం ఎండిపోలేదు. 175 మీటర్ల ఎత్తునుంచి దూకాల్సిన నీళ్లని కొండమీదే పట్టేసి పైపుల్లోకి మళ్లించారు. యూట్యూబు వీడియోల్లో ఈ ముక్క చెప్పరు, వానాకాలం బొమ్మే చూపిస్తారు.

అసలు లెక్క ఎగువన జోలాపుట్‌లో ఉంటుంది. మాచ్‌ఖండ్ నది వానల్లో తెచ్చే నీళ్లని దాచిపెట్టే డ్యాం అది. నిండు మట్టం 2,750 అడుగులు. అవసరం కొద్దీ వదిలిన నీరు నది దారినే వచ్చి డుడుమ డైవర్షన్ డ్యాంలో ఆగుతుంది, దాని నిండు మట్టం 2,590. అక్కణ్ణుంచి కాలవలోకి, పెన్‌స్టాకులనే ఏటవాలు పెద్ద పైపుల్లోకి, లోయ అడుగున ఉన్న పవర్‌హౌస్‌లోకి. 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 23వి మూడు, వెరసి 120. అవి తిరుగుతున్నంతసేపూ జలపాతానికి దక్కేది మిగులు నీళ్లే. డైవర్షన్ డ్యాం నిండి గేట్లెత్తితేనే డుడుమ డుడుమలా ఉంటుంది. అందుకని బయల్దేరేముందు పేపర్లో జిల్లా పేజీ చూడండి. వానాకాలం అంతా రెండు మట్టాలూ వేస్తుంటారు. డుడుమ 2,590కి దగ్గరపడితే సంచీ సర్దుకోవచ్చు, లేకపోతే అరకులో కాఫీ తాగి వెనక్కి వెళ్లడం మేలు.

పవర్‌హౌస్‌కి వించ్ ఉంది. నిటారుగా దిగే వాలుమీద పట్టాలు, వాటిమీద ట్రాలీ, పైన డ్రమ్ముకి చుట్టుకునే ఇనప తాడు. డ్యూటీకి దిగే సిబ్బంది దాన్లోనే, బరువైన సామానూ దాన్లోనే. ముందుగా అనుమతి లేకుండా గేటు దాటనివ్వరు. కింద వాడేసిన నీళ్లు మళ్లీ నదిలో కలిసి బలిమెల చేరి, అక్కణ్ణుంచి సీలేరు విద్యుత్ కేంద్రాలకి పనికొస్తాయి. ఒకే నీళ్లకి ఇన్ని ఉద్యోగాలు!

ఒనకడిల్లిలో తెలుగు ఎందుకింత ధారాళంగా వినిపిస్తుందని అడిగేవాళ్లకి: 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా కోరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ కొండలేలిన జయపురం సంస్థానాధీశుడే. ఈ మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టుకి 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. మద్రాసు వాటా 1953లో మనకొచ్చింది. 1955 ఆగస్టు 19న రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. మొదట్లో వాటాలు మనకి 70 శాతం, ఒడిశాకి 30. ఇప్పుడు చెరిసగం. కాలనీ క్వార్టర్లలో రెండు రాష్ట్రాల వాళ్లూ తరాలుగా కాపురాలు చేస్తున్నారు. చుట్టూ ఊళ్లలో మాత్రం ఆదివాసీ ఒడియానే నడుస్తుంది.

జోలాపుట్ గట్టుమీద నిలబడితే చెరువు మధ్యలో కనబడే దీవులు ఒకప్పటి గుట్టలు. మధ్యనున్న పల్లం పొలాలు మునిగాయి. దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్లు వదలాల్సి వచ్చింది, సరైన పునరావాసం దక్కింది కొద్దిమందికే. ఇప్పటికీ కొన్ని ఊళ్లవాళ్లు ఆస్పత్రికైనా సంతకైనా నాటుపడవలోనే దాటాలి. గాలి లేచిన మధ్యాహ్నం వాళ్లే పడవ కట్టేస్తారు, మీరు సరదాకి ఎక్కకండి.

సంత గురువారం. రోజు తప్పితే ఒనకడిల్లిలో చూడ్డానికేం లేదు. పది దాటాక కొండ దారుల్లోంచి జనం దిగుతారు: చోళ్లు, సామలు, పసుపు, అల్లం, కొండచీపుర్లు, వలిసెల కాలమైతే వలిసెలు. మల్కన్‌గిరి వైపు కొండలనుంచి బోండా తెగ ఆడవాళ్లు నడిచొస్తారు. పెద్దవాళ్లకి మెడనిండా అల్యూమినియం కడియాలు, ఒంటిమీద పొరలుపొరలుగా పూసల దండలు. పడుచుపిల్లలు చాలామంది చీరల్లోకి మారారు. తెచ్చింది ఓ వరసలో నేలమీద పెట్టుకుని కూర్చుంటారు, అమ్ముడయ్యాక ఆ డబ్బులు ఉప్పుకి, పొగాకుకి, ఎండుచేపలకి. ఎండుచేపల వరస సంత మొత్తానికి వాసన పెడుతుంది. జీలుగు కల్లు బేరం ఓ పక్కన. మొహంలో మొహం పెట్టి ఫోన్లెత్తే మనవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఫొటోల మీద ఆంక్షలున్నాయి. లేకపోయినా బేరమాడుతున్న మనిషిని అలా తీయకూడదు. ఓ పూసల దండ కొనండి, అడిగినంత ఇవ్వండి.

కిరండూల్ రైల్లో వచ్చేవాళ్లు మాచ్‌ఖండ్ రోడ్ అనే బోర్డు చూసి మోసపోవద్దు. ప్రాజెక్టు ఆ స్టేషన్ నుంచి ఇంకా చాలా దూరం. పాడేరు, ముంచంగిపుట్టు మీదుగా వచ్చే దారే నయం. జయపురం నుంచైతే లమ్తాపుట్ మీదుగా. మంచి లాడ్జీ ఆశించకండి, అరకులోనో జయపురంలోనో పడుకోవాలి. సిగ్నల్ పోతే ఫోన్ పేలు చెల్లవు, చిల్లర ఉంచుకోండి. మలేరియా ఏజెన్సీ, దోమల మందు మరవకండి. సంత రోజున ముంచంగిపుట్టు జీపుకి తొందరపడాలి, ఎత్తివేసే వేళకి సీట్లన్నీ బస్తాలవే. వెనక వేలాడుతూ వెళ్లినా మనిషి చార్జీ మనిషిదే!