చ్వెన్‌జౌలో కాలినడకన: నరసింహుడి స్తంభం నుంచి ఏనుగు శిల్పం దాకా

చైనా అనగానే మనవాళ్ళకు బీజింగ్, షాంఘై, మహాకుడ్యం గుర్తొస్తాయి. తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళు అక్కడ ఒక్క ఊరిని కాలినడకన చూడాలనుకుంటే నేను చెప్పే పేరు చ్వెన్‌జౌ. ఫూజియన్ రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున ఉంటుంది. సోంగ్, యువాన్ వంశాల కాలంలో (10 నుంచి 14వ శతాబ్దం దాకా) ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఒకటి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అప్పట్లో తమిళ వర్తకులు ఇక్కడ స్థిరపడి శివుడికి గుడి కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం ఒకటి ఇక్కడే దొరికింది, దాని చివర ఒక వరుస చైనా లిపిలో ఉంటుంది. ఆ గుడి ఇప్పుడు లేదు. దాని రాళ్ళు మాత్రం ఊళ్ళో చెదిరి ఉన్నాయి. ఆ రాళ్ళ వెంట నడిస్తే పాతూరు మొత్తం చూసినట్టే.

మొత్తం ఐదారు కిలోమీటర్లు, అంతా చదునైన నేల. అలిపిరి మెట్లెక్కిన కాళ్ళకు ఇదొక లెక్కే కాదు. పడమర నుంచి తూర్పుకు నడవండి, ముందు కైయువాన్ గుడి, చివర మ్యూజియం. స్తంభాలు చూశాక మ్యూజియానికి వెళ్తేనే అక్కడి విడి రాళ్ళు ఏ గోడవో, ఏ ద్వారానివో ఊహకు అందుతాయి. వరుస తిప్పితే అవి ఉత్త రాతి ముక్కలుగా కనిపిస్తాయి.

ఇంట్లో ఉండగానే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది మ్యాప్. చైనాలో మ్యాపులకు ప్రభుత్వం నిర్ణయించిన వేరే కొలమానం ఉంది, జీపీఎస్ లెక్కకు దానికి కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. అందుకే గూగుల్ మ్యాప్స్‌లో మీ చుక్క పక్క వీధిలో కనిపిస్తుంది. కారులో వెళ్ళేవాళ్ళకు పెద్దగా తెలియదు గానీ, సందుల్లో నడిచేవాళ్ళకు దారి పూర్తిగా తప్పుతుంది. ఫోన్‌లో ఆమ్యాప్ (Amap) అనే చైనా మ్యాప్ యాప్ వేసుకోండి. ఐఫోన్ ఉంటే ఆపిల్ మ్యాప్స్ కూడా అక్కడ సరిగ్గానే పనిచేస్తుంది. చూడాల్సిన చోట్ల పేర్లు చైనా లిపిలో ఫోన్‌లో దాచుకోండి. వెతకడానికీ, ఎవరికైనా చూపించడానికీ అవే పనికొస్తాయి.

రెండోది డబ్బు. కొట్టు చిన్నదైనా పెద్దదైనా క్యూఆర్ కోడే. అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో మన వీసా లేదా మాస్టర్ కార్డును ముందే కలిపేయండి, బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపులు ఆన్ చేయండి. అక్కడికి వెళ్ళాక ఓటీపీ రాక ఇరుక్కునేవాళ్ళే ఎక్కువ, కాబట్టి మన సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోండి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. ఈ నడకలో అంత బిల్లు ఎక్కడా రాదు.

పొద్దున్నే కైయువాన్ గుడి దగ్గర మొదలుపెట్టండి. 686లో వెలసిన బౌద్ధాలయం ఇది, లోపలికి టికెట్ లేదు. చెప్పులు విడవక్కర్లేదు. మనకు కొత్తగా ఉంటుంది గానీ అక్కడి పద్ధతి అదే. గడపను మాత్రం తొక్కకూడదు, దాటి అడుగు వేయాలి. బుద్ధ విగ్రహాలను లోపల ఫోటో తీయకూడదు. చాంద్రమాసంలో 26వ రోజున స్థానికులు పెద్ద ఎత్తున వస్తారు. ఆ సందడి కావాలనుకుంటే ఆ రోజు, శిల్పాలు తీరిగ్గా చూడాలనుకుంటే మరో రోజు.

పెద్ద మండపం ముందున్న వేదిక దగ్గర చాలామంది అగరొత్తులు వెలిగించి వెళ్ళిపోతారు. మీరు వంగి వేదిక అడుగు వరుస చూడండి. మనిషి ముఖం, సింహం ఒళ్ళు ఉన్న పలకలు 70కి పైగా ఉంటాయి. ఆ శివాలయం నుంచి తెచ్చి ఇక్కడ పేర్చినవి ఇవి. తర్వాత మండపం పక్కనుంచి వెనక వసారాకు వెళ్ళండి. మధ్యలో నల్లటి ఆకుపచ్చ రాయితో రెండు స్తంభాలు నిలబడి ఉంటాయి. ఒక్కోటి పదహారు ముఖాల స్తంభం. మధ్యమధ్యలో చదరపు దిమ్మెలు, వాటి నాలుగు ముఖాల మీదా గుండ్రటి చట్రాల్లో బొమ్మలు. ఒకదాంట్లో హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకున్న నరసింహుడు. ఇంకొకదాంట్లో మద్దిచెట్ల మధ్య చిన్ని కృష్ణుడు. మన గుళ్ళలో స్తంభాలు చూసిన కంటికి ఏ వివరణ బోర్డూ అవసరం లేకుండా తెలిసిపోతాయి. అదే స్తంభం మీద చైనా పద్ధతి పూలూ పక్షులూ కూడా ఉన్నాయి. చెక్కింది స్థానిక శిల్పులని పరిశోధకులు చెప్పడానికి అదొక ఆధారం.

ఈ వసారా ఉత్తరం వైపు ఉండటం వల్ల రోజంతా నీడే. ఫోన్ టార్చిని ఎదురుగా వేస్తే రాయి మెరిసి బొమ్మ కనపడదు. పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గోళ్ళు, వేళ్ళు, కిరీటం అంచులు విడివిడిగా తేలుతాయి. అరగంట ఇక్కడే గడపండి. ఊరంతటికీ ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆవరణలోని జంట రాతి గోపురాలు 13వ శతాబ్దం నాటివి. తూర్పుది 48 మీటర్ల ఎత్తు, పడమటిది కాస్త తక్కువ. 1604 నాటి పెను భూకంపాన్ని తట్టుకున్నాయి. పడమటి గోపురం నాలుగో అంతస్తులో కత్తి పట్టిన వానర వీరుడు ఉన్నాడు. ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప కింది నుంచి కనపడడు.

గుడి బయట ఉన్నదే పడమర వీధి. తూర్పుకు తిరిగి పావుగంట నడిస్తే నాలుగు రోడ్ల కూడలిలో తెల్లటి గడియార స్తంభం వస్తుంది, 1934లో కట్టింది. ఎర్ర ఇటుక ఇళ్ళున్న సందులు అటూ ఇటూ చీలుతుంటాయి. తొందర లేకపోతే ఏదో ఒకదాంట్లో దూరండి, గోపురాలు పైన కనిపిస్తూ ఉంటే దిక్కు పోదు. వాన పడితే రాతి పరుపు జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి.

రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త. మనకు ముందు కుడివైపు చూడటం అలవాటు. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి ముందు ఎడమవైపు చూడాలి. నడిచేవాళ్ళకు పచ్చదీపం వెలిగినా కుడికి మళ్ళే బండ్లు వస్తూనే ఉంటాయి. అన్నిటికన్నా ప్రమాదం ఎలక్ట్రిక్ స్కూటర్లు. హారన్ లేదు, చప్పుడు లేదు, ఫుట్‌పాత్ మీదికీ వస్తాయి. నడుస్తూ ఉన్నట్టుండి పక్కకు జరగొద్దు.

గడియార స్తంభం నుంచి దక్షిణంగా జోంగ్‌షాన్ రోడ్డు. రెండు పక్కలా మేడల కింద వసారాలు ఉంటాయి, ఎండా వానా తగలకుండా నడవొచ్చు. తిండి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఈ ఊరి పేరున్న వంటలన్నీ సముద్రపు చేపలూ, నత్తగుల్లలూ, అల్లం వేసిన బాతూ. కూరగాయల వేపుడులో కూడా పంది కొవ్వు పడొచ్చు. శాకాహారులు గుళ్ళ దగ్గరి బౌద్ధ భోజనశాలలు వెతుక్కోవాలి. వాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, మడిగా ఉండే పెద్దలు వెంట ఉంటే ఇది పెద్ద ఊరట. మిగతా చోట్ల మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు వద్దని చైనా లిపిలో రాసిన చీటీ చూపించాలి. ఎండలో షిహ్వాగావ్ మాత్రం వదలొద్దు. సముద్రపు నాచును ఉడికించి గడ్డకట్టించి, తేనె కలిపి చల్లగా ఇస్తారు, నోట్లో తాటిముంజెలా జారుతుంది. కుళాయి నీళ్ళు తాగకండి. పబ్లిక్ టాయిలెట్లకు డబ్బు అక్కర్లేదు, కాగితం మాత్రం మనదే.

ఇంకో పావుగంట కిందికి నడిచాక తూర్పుపక్కన కన్ఫ్యూషియస్ ఆలయం. విశాలమైన ఆవరణ, కూర్చోవడానికి బాగుంటుంది. అక్కడి నుంచి టూమెన్ వీధిలో కాస్త నడిస్తే, పాతకాలపు వీరుడు గ్వాన్ యూను దేవుడిగా కొలిచే గ్వాన్‌దీ గుడి, ఛింగ్‌జింగ్ మసీదు పక్కపక్కనే కనిపిస్తాయి. గుడిలో భక్తులు అర్ధచంద్రాకారపు చెక్క బిళ్ళలు నేల మీద వేసి దేవుణ్ణి ప్రశ్న అడుగుతుంటారు. వాళ్ళకు అడ్డం వెళ్ళకుండా గోడ వారగా నడవండి. మసీదు 1009లో మొదలైంది, చైనాలో మిగిలిన పాత మసీదుల్లో ఒకటి. ప్రార్థన మందిరానికి కప్పు లేదు, గోడలూ అరబిక్ రాతలూ మిగిలాయి. లోపలికి చిన్న టికెట్ ఉంది.

దక్షిణాన 1196లో వెలసిన టియన్‌హౌ గుడి ఉంది, నావికుల దేవత మాజుది. ఓపిక తక్కువైతే దీన్ని మర్నాటికి పెట్టుకుని నేరుగా తూర్పుకు, సముద్రయాన మ్యూజియానికి వెళ్ళండి. మసీదు నుంచి రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో పెద్ద రోడ్లే, చూడ్డానికి ఏమీ లేదు. ఈ ఒక్క ముక్కకు టాక్సీ ఎక్కినా తప్పులేదు.

మ్యూజియంలో రాతి శిల్పాల విభాగానికే ముందు వెళ్ళండి. అరబిక్ రాతల సమాధి రాళ్ళు, సిలువ చెక్కిన క్రైస్తవ రాళ్ళు దాటాక మన గుడి రాళ్ళు వస్తాయి. వాటిలో ఒక ఏనుగు తొండంతో పువ్వు ఎత్తి లింగానికి అర్పిస్తూ ఉంటుంది. శ్రీకాళహస్తి కథ వింటూ పెరిగిన మన జిల్లా వాళ్ళు దాని ముందు ఆగకుండా ఉండలేరు. తమిళనాట తిరువానైక్కావల్‌లోనూ ఇదే తీరు ఏనుగు కథ ఉంది కాబట్టి, చెక్కించినవాళ్ళ మనసులో ఏ క్షేత్రం ఉందో ఈ ఒక్క రాయితో తేల్చలేం.

మ్యూజియానికి సోమవారం సెలవు. ప్రవేశం ఉచితమే గానీ పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. అక్టోబర్ మొదటి వారం, మే మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవుల్లో పడమర వీధిలో కాలు పెట్టే సందుండదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా తుపానుల కాలం. అక్టోబర్ రెండో వారం నుంచి డిసెంబర్ దాకా అన్నివిధాలా అనుకూలం. మనకు చెన్నై నుంచి కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా షియామెన్ చేరడం తేలిక, అక్కడి నుంచి వేగపు రైల్లో అరగంట ప్రయాణం. చ్వెన్‌జౌ స్టేషన్ పాతూరికి ఉత్తరాన దూరంగా ఉంటుంది, కాబట్టి బస మాత్రం గడియార స్తంభం చుట్టుపక్కలే చూసుకోండి. బుక్ చేసే ముందు విదేశీయులను చేర్చుకుంటారో లేదో అడగండి, చిన్న బసల్లో కొన్ని చేర్చుకోవు.