మామూలు బైపాస్ కేసు

ఈరోజు ఒక్కటే కేసు. 60 కిలోల పేషెంటు, గుండె రక్తనాళాల్లో అడ్డు దాటించడానికి మూడు గ్రాఫ్టులు. చెప్పుకోదగ్గ గొడవేమీ లేదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కిలోకి 400 యూనిట్ల లెక్కన 24,000. పంప్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే మిషన్) దగ్గర ఆ డోసు యూనిట్లలోనే వినబడాలి, ఎంఎల్‌లలో కాదు. ఎందుకంటే 5 ఎంఎల్ వయల్ రెండు రకాలుగా దొరుకుతుంది: ఒకదాంట్లో 25,000 యూనిట్లు, ఇంకోదాంట్లో 5,000. హడావిడిలో రెండోది చేతికొచ్చినా సిరంజి నిండుగానే కనిపిస్తుంది. దాన్ని పట్టించేది ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైం చూసే పరీక్ష) ఒక్కటే. 480 సెకన్లు దాటిందని పైకి చదవాలి, సర్జన్ అదే అంకె తిరిగి చెప్పాలి. ‘ఊఁ’ అంటే లెక్కలోకి రాదు.

అయోర్టాకి (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి) క్లాంప్ పెట్టాక ప్రతి 20 నిమిషాలకీ కార్డియోప్లీజియా (గుండెని ఆపి ఉంచే మందు) టైం గుర్తు చెయ్యాలి. సరిగ్గా కుట్టు మధ్యలోనే ఆ టైం వస్తుంది, పెద్ద సార్ విసుక్కుంటారు. అయినా చెప్పాల్సిందే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అనస్థటిస్ట్ స్టీఫెన్ బోల్సిన్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు; విచారణ నివేదిక 2001కి గానీ రాలేదు. సర్జన్ కానివాళ్ల మాట ఓటీలో ఎంత మెల్లగా నడుస్తుందో అందులో కనిపిస్తుంది.

అసలు భయం హెపారిన్‌కి విరుగుడైన ప్రోటమిన్‌తో. పంప్ నడుస్తుండగా అది లోపలికి పోతే ఆక్సిజనేటర్‌లో (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగంలో) రక్తం గడ్డకడుతుంది, మిషన్ ఇక పనికిరాదు. అందుకే పంప్ ఆగేదాకా ఆ సిరంజి మిగతా మందుల ట్రేలో ఉండకూడదు. ‘ప్రోటమిన్ మొదలు’ అని అనస్థీషియా మేడమ్ అనగానే ‘సక్షన్ ఆఫ్’ అని పంప్ వైపు నుంచి జవాబు వెళ్లాలి. లేకపోతే ఛాతీలోంచి పీల్చిన రక్తంతో పాటే ప్రోటమిన్ పంప్ రిజర్వాయర్‌లోకి వస్తుంది. ముందు కొంచెం ఇచ్చి బీపీ చూసి, మిగతాది నెమ్మదిగా ఎక్కించాలి. ఒక్కోసారి బీపీ ధడాల్న పడిపోతుంది, మళ్లీ పంప్ మీదికి వెళ్లాల్సి వస్తుంది. అందుకని అయోర్టాలోని పంప్ గొట్టం తీయడానికి తొందర పనికిరాదు.

చివర్లో సూదుల లెక్క. 7-0 ప్రోలీన్ (సన్నటి కుట్టు దారం) సూది కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా దొరకదు. అందుకే ఛాతీ ఎముకకి వైర్లు బిగించకముందే లెక్క తేలాలి. సిస్టర్ ‘ఒక్క నిమిషం సార్’ అంటే అందరూ ఆగాలి. ఇవాళ మొదటిసారికే సరిపోయింది.

రేపు వాల్వ్ కేసు. గుండెలోంచి గాలి తీసే పని, దాని లెక్కలు వేరే.