మా చేపల హౌజు నీళ్లు తేటపడిన వైనం

హనుమకొండలో మా ఇంటి వెనక జామచెట్టు పక్కన ఒక సిమెంటు హౌజు ఉంది. మా మామయ్య కట్టించారు. పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు, నీళ్లు నిలిచే లోతు రెండున్నర అడుగులు. అంటే 100 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 2,830 లీటర్ల నీళ్లు. పంపు కొనాలన్నా, ఉప్పు కలపాలన్నా, ఎన్ని చేపలు పెంచొచ్చో చూసుకోవాలన్నా ఈ లెక్కే ఆధారం. అందుకే ముందుగా చెప్తున్నాను.

ఇందులో గోల్డ్‌ఫిష్‌లు, కొన్ని కోయి కార్ప్ చేపలు, లెక్కలేనన్ని గప్పీలు ఉన్నాయి. హౌజు తేటగా ఉంచడానికి ఇంట్లో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. నెలకోసారి చేపల్ని టబ్బులోకి తీసి, నీళ్లన్నీ తోడేసి, గోడలు బ్లీచింగ్ పౌడర్‌తో రుద్ది, బోరు నీళ్లు నింపడం. రెండు రోజులు అద్దంలా ఉండేది. తర్వాత పాలు కలిపినట్టు మసకబారేది, వారం తిరక్కుండా చిక్కటి పచ్చరంగుకు వచ్చేది. కడిగిన ప్రతిసారీ ఒకటో రెండో చేపలు పోయేవి. ఎండాకాలం తెల్లవారుజామున వెళ్లి చూస్తే చేపలన్నీ పైకొచ్చి, మూతులు నీటి అంచుకు ఆనించి గుటకలు వేస్తుండేవి. మొప్పలు అంత వేగంగా కొట్టుకోవడం చూస్తే నాకు పొద్దున టీ సహించేది కాదు. ఆ పెద్ద కోయి చనిపోయిన రోజే దీని సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

చేపలమ్మే షాపులో చుక్కల మందుతో పరీక్షించే కిట్ దొరికింది. చిన్న గాజు గొట్టంలో హౌజు నీళ్లు పోసి, చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీది రంగులతో పోల్చుకోవాలి. అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర చూపించింది. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ ఉదయం 7.6, మధ్యాహ్నం 8.6. అప్పుడు నాకు అసలు విషయం తెలిసొచ్చింది.

చేప తిన్న తిండిలోని మాంసకృత్తులు అరిగాక అమ్మోనియా అవుతాయి. అది ఎక్కువగా మొప్పల నుంచే నీళ్లలోకి వస్తుంది. నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత ప్రమాదం కాదు, మొక్కలకు ఎరువు కూడా. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. గోడలకు, రాళ్లకు పట్టిన జిగట పొరలో కాపురం ఉంటుంది. మేం నెలనెలా బ్లీచింగ్‌తో రుద్ది పారేసింది ఆ పొరనే. ఇక పచ్చ నీళ్లలోని నాచు పగలు ఎండకు కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటుంది కాబట్టి పీహెచ్ పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7.6 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషమయ్యే భాగం 3 శాతమే. అదే 8.6 అయితే దాదాపు 24 శాతం. రాత్రయ్యేసరికి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి రావడానికి కారణం అదే.

"కడుగకపోతే ఎట్ల బిడ్డా, నీళ్లు మురుగుతయి గద" అన్నది అత్తమ్మ. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. మురికి ఎటు పోతుందో చూపిస్తే తప్ప ఎవరికైనా అనుమానం వస్తుంది. చేయాల్సింది నీళ్లు మార్చడం కాదు, తిప్పడం అని ఆమెకు చెప్పి పని మొదలుపెట్టాం.

ఫిల్టర్ కోసం 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తెచ్చాం. పంపు హౌజు నీళ్లను వీటిలోకి ఎక్కిస్తుంది, అవి వడపడి మళ్లీ హౌజులోకే దిగుతాయి. పాత డ్రమ్ము కొనేటప్పుడు అందులో ఇంతకుముందు ఏముండేదో అడగాలి. రసాయనాలు, పురుగుమందులు పోసినవైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. హౌజు గట్టు కన్నా ఎత్తుగా ఇటుకల దిమ్మె కట్టి వాటిని నిలబెట్టాం. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువుకు నీళ్లొస్తాయి, బురద చాలావరకు పైనే ఆగుతుంది. మా డ్రమ్ముల పని కూడా అదే తీరు.

మొదటి డ్రమ్ములోకి పైపును అంచు వెంబడి ఏటవాలుగా పెట్టాం. నీళ్లు గుండ్రంగా మెల్లగా తిరుగుతాయి, బరువైన మురికి అడుగున మధ్యకు చేరుతుంది. అడుగున బాల్ వాల్వు. రెండో డ్రమ్ములోకి నీళ్లు కింది నుంచి వెళ్లి పైకి ఎక్కుతాయి. అందులో కింద ముతక స్పాంజి, దానిపైన గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు, షేడ్ నెట్ ముక్కలు వదులుగా నింపాం. ఫిల్టర్లలో వేసే ప్లాస్టిక్ బంతులు, బయో బాల్స్, కొనాలని షాపతను చెప్పాడు గానీ, బ్యాక్టీరియాకు కావాల్సింది పట్టుకోవడానికి ఎక్కువ చోటు, పారే నీళ్లు, ఆక్సిజన్. స్క్రబ్బరు ఆ మూడూ ఇస్తుంది. సబ్బు కలిపినవి కాకుండా చూసుకుంటే చాలు. కంకర మాత్రం వేయలేదు. బరువెక్కువ, సందుల్లో బురద పేరుకుంటే తీసి కడగడం నరకం.

లోపలికి వచ్చే పైపు ఒక అంగుళం, బయటికి పోయేది రెండు అంగుళాలు. ఇందులో రాజీ పడొద్దు. పంపు నెట్టినంత వేగంగా నీళ్లు దిగిపోవు, వాటి బరువుతోనే దిగాలి. బయటి పైపు సన్నగా ఉంటే డ్రమ్ము పొంగిపొర్లి, రాత్రికి రాత్రే హౌజు అడుగంటుతుంది. ఆ పైపు నీళ్లు ఒక గ్రానైటు పలక మీద పడి, పలుచగా పరుచుకుని హౌజులోకి జారేలా పెట్టాం. ఆక్సిజన్‌కు అదే ఆసరా. పంపును ఎదురు మూలలో, ఉల్లిగడ్డల జాలీ సంచిలో పెట్టి దించాం. పిల్ల గప్పీలు, జామాకులు లోపలికి పోవు.

పంపు డబ్బా మీద గంటకు 3,000 లీటర్లు అని ఉంది. అది ఎత్తు లేనప్పటి మాట. డ్రమ్ము దాకా ఎక్కించాక 20 లీటర్ల బకెట్ నిండడానికి 40 సెకన్లు పట్టింది. అంటే గంటకు 1,800 లీటర్లు. హౌజు నీళ్లన్నీ గంటన్నర పైచిలుకులో ఒక చుట్టు తిరుగుతాయి, ఇంత హౌజుకు అది చాలు. పంపు 45 వాట్లది, రాత్రింబవళ్లు నడిచినా రోజుకు ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ.

కరెంటు విషయంలో ఎలక్ట్రీషియన్ "మామూలు ప్లగ్గు చాలు మేడం" అన్నా నేను ఒప్పుకోలేదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించాకే పంపు వేశాం. పిల్లలు చేతులు పెట్టే నీళ్లవి. ఇప్పటికీ ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెడతాం.

ఫిల్టర్ పెట్టిన రోజే నీళ్లు తేటపడవు. బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. మేత సగానికి తగ్గించాను. మొదట అమ్మోనియా దిగింది, కానీ నైట్రైటు ఎక్కింది. నైట్రైటు చేప రక్తంలోకి పోతే ఆక్సిజన్ మోసే శక్తి పడిపోతుంది. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటును లోపలికి రానివ్వదు. వెయ్యి లీటర్లకు కిలో లెక్కన, మూడు కిలోలకు కాస్త తక్కువ దొడ్డుప్పు బకెట్లో కరిగించి, ఒక్కసారే కాకుండా కొద్దికొద్దిగా పోశాను. నీళ్లు మార్చినప్పుడు మార్చిన నీళ్లకు సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరైపోదు. కొన్నాళ్లకు నైట్రైటు గొట్టంలో రంగు రాలేదు. ఆ రోజు అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె గొట్టాన్ని వెలుగుకెత్తి చూసి, మొదటి డ్రమ్ము వాల్వు తిప్పమన్నది. నల్లటి చిక్కటి నీళ్లు బకెట్లో పడ్డాయి. అంతకుముందు హౌజులోనే ఉండిపోయే మురికి అది. తీసుకెళ్లి వంకాయ మొక్కలకు పోసింది. ఆ తర్వాత హౌజు కడుగుదామని ఎప్పుడూ అనలేదు.

పచ్చరంగు పోవడానికి ఫిల్టర్ ఒక్కటే చాలలేదు. నాచుకు ఎండ తగ్గాలి. పైన 50 శాతం షేడ్ నెట్ కట్టి, రెండు కుండీల్లో కలువలు పెట్టాం. ఆకులు సగం నీళ్లను కప్పాక పచ్చదనం విరిగింది. కొంగలు, లకుముకి పిట్టల బెడద కూడా ఆ నెట్‌తో తగ్గింది. గుర్రపుడెక్క కూడా నీళ్లను బాగా శుభ్రం చేస్తుంది గానీ నేను పెట్టలేదు. ఒక్క మొక్క కాలవలో పడితే చాలు, చెరువునే మింగుతుంది.

ఇప్పుడు వారానికోసారి మొదటి డ్రమ్ము మురికి వదులుతాను, దాంతోనే ఆరేడు శాతం నీళ్లు మారిపోతాయి. నల్లా నీళ్లైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు టబ్బులో తెరిచి ఉంచుతాను. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి షవర్ లాగా ఎత్తు నుంచి పడనిస్తాను. స్క్రబ్బర్లను నీళ్ల ధార తగ్గినప్పుడే, ఒకసారికి సగం మాత్రమే, హౌజు నీళ్లలోనే ముంచి పిండుతాను. గోధుమరంగు జిగట ఉండాలి, వానకు తడిసిన మట్టి వాసన రావాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే లోపల ఆక్సిజన్ అందడం లేదని అర్థం. కరెంటు గంటల తరబడి పోతే అదే జరుగుతుంది. అందుకే మళ్లీ పంపు వేసే ముందు రెండో డ్రమ్ములో నిలిచిన నీళ్లను బయటికి వదిలేస్తాను, హౌజులోకి పోనివ్వను. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే, నీళ్లు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్ తక్కువగా పడుతుంది. ఆ నెలంతా నీళ్లలోకి గాలి పంపే బ్యాటరీ ఏరేటర్ సిద్ధంగా ఉంచుతాను. మేత ఎండ పూర్తిగా రాకముందు వేయను, ఐదు నిమిషాల్లో తినేసేంతే వేస్తాను.

బతుకమ్మ రోజుల్లో ఇంటి చిన్న బతుకమ్మను హౌజులోనే వేసే అలవాటు ఉండేది. తంగేడు, గునుగు, బంతి రాత్రంతా నానితే కుళ్లడం మొదలై నీళ్లలో ఆక్సిజన్‌ను లాగేస్తాయి. ఇప్పుడు హౌజు పక్కనే వెడల్పాటి ఇత్తడి గంగాళంలో నీళ్లు నింపి అందులో సాగనంపుతున్నాం. మరునాడు ఆ పూలు కంపోస్టు గుంతలోకి పోతాయి.

మొన్న పక్కింటి వదిన వాళ్లూ చిన్న హౌజు కట్టించారు. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి నీళ్లు నింపి, తీసి, పీహెచ్ 8.5 లోపుకు దిగేదాకా చేపలు వద్దని చెప్పాను. దిగాక మా రెండో డ్రమ్ములోంచి జిగట పట్టిన స్క్రబ్బర్లు కొన్ని తీసి, హౌజు నీళ్లున్న బకెట్లో ఆరిపోకుండా పెట్టి ఇచ్చాను. బ్యాక్టీరియా వాటితోనే వెళ్తుంది, వాళ్లకు అన్ని వారాలు ఆగే పని ఉండదు. కిట్ కూడా వాళ్లింట్లోనే ఉంది, రోజూ సాయంత్రం అమ్మోనియా ఎంతుందో వదిన గోడ మీది నుంచి చెప్తోంది.