స్నిత్ మొక్కల బొమ్మను ఆకుల నుంచి చదవడం: నా అనుభవం

రష్యన్ ప్రకృతి చిత్రకారుడు ఇవాన్ షీష్కిన్ (1832–1898) అనగానే గుర్తొచ్చేది పైన్ అడవిలో ఎలుగుబంట్లు. ఆయన చేతి పనితనం తెలియాలంటే మాత్రం 'స్నిత్ గడ్డి, పార్గొలొవొ' చూడమంటాను. స్నిత్ అంటే ఇంగ్లిష్‌లో గ్రౌండ్ ఎల్డర్ అనే కలుపు మొక్క. 1880ల నడుమ సెంట్ పీటర్స్‌బర్గ్ శివార్లలోని పార్గొలొవొలో గీసిన స్టడీ (చూసి గీసిన సాధన చిత్రం) ఇది, ఇప్పుడు ఆ నగరంలోని రష్యన్ మ్యూజియంలో ఉంది. కొలత సుమారు 35 × 58 సెం.మీ., చంకలో పెట్టుకుని పోవచ్చు. ఫోన్‌లో చూస్తే గోడంత బొమ్మ అనిపిస్తుంది. అందుకే ముందు అదే కొలతకు ఒక అట్ట కోసి పక్కన పెట్టుకున్నాను.

తర్వాత మొక్క. పేరు బొమ్మకే పెట్టారు కదా అని వదిలేయకూడదు. మొక్క తెలిస్తేనే చిత్రకారుడు ఏది ఉంచాడో, ఏది వదిలాడో పట్టుకోగలం. నేను పూలతో మొదలుపెట్టి పప్పులో కాలేశాను. కొత్తిమీర, వాము, సోంపు, క్యారట్ అన్నీ స్నిత్ కుటుంబానివే, అన్నిటి పూతా గొడుగే. తేల్చేది ఆకు. స్నిత్ కాడ మూడుగా చీలుతుంది, ఒక్కో చీలికకు మూడేసి ఆకులు, అంచున రంపపు పళ్లు. దీనితో పొరబడే కౌ పార్స్లీ అనే అడవి మొక్క ఆకు ఫెర్న్‌లా సన్నసన్నగా చీలి ఉంటుంది.

జూమ్ పూర్తిగా పెంచితే ఆకు మాయమై కుంచె మరక మిగులుతుంది. సగం జూమ్‌లో ఆపి, ముందు వరస నుంచి వెనక్కి పోవాలి. ముందున్నవాటికి ఆకారం ఉంటుంది, వెనక్కి పోయేకొద్దీ ఉత్త పచ్చదనమే. ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చితే తెల్ల గొడుగులు చుక్కలు పెట్టినట్టు తేలతాయి, చూపు వాటి వెంటే లోపలికి నడుస్తుంది. పూత నిండుగా ఉంది కాబట్టి కాలం దాదాపు జూన్, జూలై.

చాలామంది ఇక్కడ పాడుబడ్డ చోటి దిగులు చూస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. స్నిత్‌కి కావలసింది తేమ, సగం నీడ, ఎవరూ తవ్వని నేల. నేలలో పాకే దుంపవేరు ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది, తోటమాలులకు తలనొప్పి. అదే కలుపు లేతాకును రష్యాలో సూప్‌లో వేసుకుంటారు, మనం గంగవాయిలి కూర పప్పులో వేసినట్టు. కాబట్టి ముందు ఆ నేల గుణం చదివి, భావం సంగతి తర్వాత చూడటం మేలు.

రంగును మాత్రం నమ్మొద్దు. ఒక కాపీలో పసుపు పచ్చ, ఇంకోదానిలో నీలి పచ్చ. నేను రెండు మూడు కాపీలు పక్కపక్కన పెట్టి, అన్నిటిలో మారకుండా ఉన్న వెలుగునీడల తేడానే లెక్కలోకి తీసుకున్నాను.