మా ఇంట్లో రెండు సాలెపురుగులు

మేము ఘానా రాజధాని అక్రాలో కాపురం పెట్టి తొమ్మిదేళ్లు దాటింది. మా అమ్మాయి ఇక్కడే, ఒక బుధవారం నాడు పుట్టింది. ఇక్కడి అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి బిడ్డకు ఒక పేరు పెడతారు కనుక ఇరుగుపొరుగు వారికి ఆమె అకువా. మగపిల్లవాడైతే క్వాకు అయ్యేవాడు. ఈ దేశపు కథల్లోకెల్లా పేరుపొందిన అనన్సే అనే సాలెపురుగు కూడా బుధవారం పుట్టినవాడే, అతని పూర్తి పేరు క్వాకు అనన్సే అని చెప్పి, మా పొరుగింటి పెద్దావిడ ఆ పసిగుడ్డును చూసి నవ్వింది. కుమాసీ నగరం నుంచి వచ్చిన, అకాన్‌లలోనే అశాంతి అనే తెగకు చెందిన ఆవిడను అందరూ "నానా" అంటారు. వారి భాషలో అవ్వకూ తాతకూ అదే మాట. పిల్లలు గోడ మీదుగా "నానా" అని కేక వేసిన ప్రతిసారీ లోపలి నుంచి మావారు "ఏమ్మా" అని పలికేవారు.

అనన్సే కథలను పగటిపూట చెప్పకూడదని వారి ఆచారం. కరెంటు పోయిన రాత్రులు, అంటే ఇక్కడి వారు "డుమ్‌సొ" అనే ఆరి వెలిగే చీకట్లలో, మా పిల్లలు నానా వాకిట్లోనే ఉండేవారు. కథ మొదలుపెట్టే ముందు ఆమె, "మేము చెప్పబోయేది నిజమని నిజంగా అనడం లేదు, అనడం లేదు" అనేది. మధ్యలో వినేవారిలో ఎవరో ఒకరు కథను ఆపి పాట అందుకుంటే, అందరూ చప్పట్లు కలిపి ఒక చరణం పాడాకే కథ ముందుకు సాగేది. ఆ పాటను మ్మొగువో అంటారు. మన కథల్లో ఊఁ కొట్టడమే వినేవారి పని అనుకుని పెరిగిన నాకు, చెప్పేవారి నోటి నుంచి కథను లాక్కునే ఈ పద్ధతి మొదట్లో అమర్యాదగా తోచింది.

కథలు మాత్రం నాకు మరింత ఇబ్బందిగా అనిపించాయి. లోకంలోని కథలన్నీ ఆకాశ దేవుడైన న్యామె దగ్గర ఉండగా, వాటిని కొంటానని అనన్సే బయలుదేరుతాడు. కొండచిలువను, చిరుతను, కందిరీగల గుంపును, అడవిలో తిరిగే ఒక మాయమనిషిని పట్టి తెమ్మని న్యామె ధర చెబుతాడు. నువ్వు పొడవా, ఈ తాటిమట్ట పొడవా అని కొలిచే నెపంతో అనన్సే కొండచిలువను మట్టకు కట్టేస్తాడు. కందిరీగల మీద నీళ్లు చల్లి, వాన వస్తోంది, ఈ సొరబుర్రలో తలదాచుకోండి అని పిలిచి మూత బిగిస్తాడు. ఈ ఉపాయాలు భార్య ఆసో చెప్పినవి, పేరు మాత్రం అతనిది. (ఈ భాగం వచ్చినప్పుడు నేను మావారి వైపు చూడకుండా ఉండలేను.) మోసపోయిన జంతువులకు ఎవరూ న్యాయం చేయరు. న్యామె సభ పెట్టి అతనిని మెచ్చుకుని కథలన్నీ అతనికే ఇచ్చేస్తాడు.

అప్పుడు మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఒక సాయంత్రం వాడు చెల్లెలి వంతు కెలెవెలె, అంటే మసాలా పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు, ఏదో కట్టుకథ చెప్పి తినేశాడు. నిలదీస్తే, "నేను నిజమని చెప్పలేదమ్మా, ముందే అనడం లేదు అన్నాను కదా" అన్నాడు. మరునాడు నేను నానా దగ్గరకు వెళ్లి, మీ కథల్లో నీతి ఏదీ అని మర్యాదగానే, కానీ కొంత కోపంగానే అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. రాత్రికి రమ్మంది.

ఆ రాత్రి అత్తగారి కర్మకు వెళ్లిన అనన్సే కథ విన్నాను. దుఃఖంతో ఉపవాసం ఉంటానని అందరి ముందు గొప్పగా ప్రకటించిన అతను ఆకలికి ఆగలేక, ఉడుకుతున్న చిక్కుడుగింజలను దొంగతనంగా టోపీలో పోసుకుంటాడు. ఇంతలో మనుషులు వస్తే టోపీని తలకు పెట్టుకుంటాడు. తల కాలిపోతుంటే, మా ఊళ్లో ఈరోజు టోపీలు ఊపే పండుగ అంటూ గెంతుతాడు. చివరికి బట్టతలతో గడ్డిలో పడి దాక్కుంటాడు. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినది మావాడే. కానీ మధ్యలో ఒక్కసారి చెల్లెలి వైపు చూసి తల దించుకున్నాడు. నేను ఇంట్లో పీకిన క్లాసుకు ఆ చూపు రాలేదు.

ఈ కథలను సేకరించి 1930లో ప్రచురించిన రాట్రే అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త, మామూలు వేళల్లో నోరెత్తి అనకూడని దేవతలను, పెద్దలను కూడా కథల వేళ హేళన చేయవచ్చని గమనించాడు. "నిజమని అనడం లేదు" అన్న మాట అందుకు రక్ష. అనన్సేను ఎవరూ ఆదర్శంగా చూపడం లేదు. అందరి ముందు నిలబెట్టి నవ్వుతున్నారు, అతని తెలివికి ముచ్చటపడుతూనే. చిన్నయసూరి నీతిచంద్రికను తలుచుకుంటే నాకు నా మీదే నవ్వు వచ్చింది. అందులోని మిత్రభేదంలో దమనకుడు సింహానికీ ఎద్దుకూ మధ్య చాడీలు చెప్పి సంజీవకుణ్ణి చంపిస్తాడు, అతనికి ఏ శిక్షా పడదు. చిన్నప్పుడు అది నీతికథ అని చదువుకున్న నేను ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.

గత ఎండాకాలం సెలవుల్లో మా అమ్మ పిల్లలను శ్రీకాళహస్తికి తీసుకువెళ్లింది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని చెప్పి, శివలింగం మీద గూడు అల్లి కొలిచిన సాలెపురుగు కథ ఎత్తుకుంది. దీపం సెగకు ఆ గూడు కాలిపోతే సాలెపురుగు కోపంతో దీపాన్ని మింగబోయిందని చెప్పగానే, మావాడు, "అమ్మమ్మా, ఇంతకీ అది శివుడి దగ్గర ఏం కొట్టేసింది?" అని అడిగాడు. మా అమ్మ చెంపలు వేసుకుంది. అకువా అంతటితో ఆగక, సరిగ్గా శివుడు ప్రత్యక్షమయ్యే చోట చప్పట్లు కొడుతూ మ్మొగువో అందుకుంది. క్యూలో ఉన్నవారు వెనుదిరిగి చూశారు. ఇదేం పెంపకమే అని ఆ రాత్రి నన్ను అడిగింది మా అమ్మ. నేను చిక్కుడుగింజల టోపీ కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. కానీ టోపీ ఊపే చోట, "తర్వాత?" అంది.

కథ కంచికి, మనం ఇంటికి అని మనం ముగిస్తాం. నానా అయితే, "ఈ కథ తీయగా ఉన్నా లేకున్నా, కొంత మీరు తీసుకువెళ్లండి, కొంత నా దగ్గరకు తిరిగి రానివ్వండి" అంటుంది. ఇప్పుడు ఆదివారాలు ఫోనులో మా అమ్మ ముందుగా మనవడిని పిలుస్తుంది. ఇక్కడ ఇంకా పగలే కనుక వాడు తలుపులు వేసి, కర్టెన్లు లాగి, గదిని చీకటి చేసి, "నిజమని అనడం లేదు" అని తెలుగులో మొదలుపెడతాడు. అవతలి నుంచి "ఊఁ" అని వినిపిస్తుంది.